మూడో గదిలో మేకు

గుండె ఆపరేషన్ల మూడో గదంటే ఆ ఆసుపత్రిలో తలపండిన వార్డుబాయిలు కూడా జంకుతారు. చీకటి పడ్డాక, బల్ల ఖాళీగా ఉన్నా సరే, అద్దానికి ఇవతల కంప్యూటర్ల గదిలో ఉన్న స్పీకర్లో ఎవరో ఆయాసపడుతుంటారట. "పాత వైర్లు, గురకపెడతాయి లెండి" అని కొట్టిపారేసేది ఒక్క బొమ్మలక్కే.

గుండెల బొమ్మలు చేస్తుందని ఆమెకా పేరు. స్కానింగులో వచ్చిన వందల ముక్క చిత్రాల్ని కంప్యూటర్లో కలిపి, గుండెను ఎటు కావాలంటే అటు తిప్పి చూసేలా తెరమీద నిలబెడుతుంది. ఆ బొమ్మ చూసుకున్నాకే డాక్టరుగారు గుండె మీద చెయ్యి పెడతారు.

ఆ రాత్రి ఒక వడ్రంగిని తెచ్చారు. మేకులు కొట్టే గన్ పేలి, జానెడు మేకు గుండెలో దిగిపోయింది. తెచ్చింది సొంత అన్నే. చొక్కా నిండా తమ్ముడి నెత్తురు. "నిచ్చెన మీంచి జారి గన్ మీద బోర్లా పడ్డాడమ్మా" అని ఒకటే ఏడుపు.

డాక్టరు చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. అద్దం అవతల మసక వెలుతుర్లో వడ్రంగి... గొంతులో గొట్టంతో, ఒళ్లు తెలీకుండా పడున్నాడు. తల దగ్గర మత్తిచ్చే నర్సు ఒక్కతే. ఇవతల బొమ్మలక్క బొమ్మ తిప్పుతోంది. మేకు మొన పెద్ద రక్తనాళానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. ఎటు లాగాలో గీత గీసింది. ఇంకోసారి తిప్పింది—

చెయ్యి ఆగిపోయింది.

బోర్లా పడితే మేకు ఎదురు రొమ్ములోంచి దిగాలి. ఇది మెడ పక్కనుంచి నిట్టనిలువునా కిందికి దిగింది. కూర్చున్నవాడి మీద ఎవరో నిలబడి కొట్టినట్టు...

"చెరిపెయ్."

చెవి పక్కనే. ఎప్పుడు లోపలికొచ్చాడో, వడ్రంగి అన్న.

"చెరిపితే డాక్టరుకి దారి తెలీదు. మీ తమ్ముడు చచ్చిపోతాడు!"

"అందుకే."

జుట్టు పట్టి ఆమె మొహాన్ని బల్లకేసి కొట్టాడు. ముక్కూ పెదవీ పగిలి నోట్లోకి నెత్తురు ఉప్పగా దిగింది. తెరమీదికి స్టూలెత్తాడు— ఆమె అడ్డం పడింది. భుజం పటుక్కుమంది. అయినా కదల్లేదు, ఒంటిచేత్తో తెరను వాటేసుకుంది. స్టూలు విసిరేసి రెండు చేతులూ ఆమె గొంతుకు బిగించాడు. కళ్ల ముందు గుండె బొమ్మ ఎర్రగా... తర్వాత నల్లగా...

స్పీకరు గరగరలాడింది.

"బుజ్జన్నా... వదిలెయ్..."

వేళ్లు సడలాయి. అద్దంలోంచి చూశాడు. తమ్ముడి నోట్లో గొట్టం అలాగే ఉంది.

"వాడే! నన్నలా పిలిచేది వాడొక్కడే!" కెవ్వుమని అరిచి, తలుపుకు తల కొట్టుకుని వరండాలోకి పరుగెత్తాడు. కాపలావాళ్లు నేలకేసి అదిమిపట్టారు. వేరే దుకాణం పెట్టుకుంటానన్న పాపానికి, పనిలో ఉన్న తమ్ముడి మెడ మీద గన్ ఆనించి నొక్కానని అక్కడే ఒప్పుకున్నాడు.

బొమ్మలక్క భుజానికి కట్టు కట్టనివ్వలేదు. తెర ముందే కూర్చుని, "ఎడమకి... ఇంకొంచెం... ఇప్పుడు లాగండి" అంటూ డాక్టరుకి దారి చెప్పింది. మేకు పళ్లెంలో ఠంగుమని పడింది. గుండె కొట్టుకుంటూనే ఉంది.

తెల్లారేసరికి మత్తు నర్సు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "రోగిని వదిలి రాలేకపోయానక్కా. స్పీకరు మీట నొక్కాను గానీ, భయానికి గొంతు పెగిలితేగా! 'వదిలెయ్' అని ఒక్కమాటే వచ్చింది."

"నువ్వా! హమ్మయ్య... దెయ్యమనుకుని చచ్చాను." బొమ్మలక్క నవ్వబోతే పగిలిన పెదవి మండింది. "అవునూ, వాణ్ని బుజ్జన్నా అని పిలవాలని నీకెలా తోచింది?"

నర్సు తెల్లబోయి చూసింది.

"బుజ్జన్నెవరక్కా?"