ముప్పావు గొంతుకు వదలాల

ఆదోనిలో ఆ ఆదివారం సాయంత్రం ముసురు పట్టింది. మిద్దె మీది గదిలో పవమాన్ తన హ్యామ్ రేడియోకు కొత్త లీనియర్ తగిలించాడు. రేడియో బలాన్ని పెంచే పెట్టె అది. వేడెక్కిన వార్నిష్ వాసన గదంతా కమ్ముకుంది.

ఈ విద్య నేర్పిన హొళగుంద లక్ష్మప్ప సార్ ముందే చెప్పారు. “ఏఎంలో పావు బలమే క్యారియర్‌కు, అంటే గొంతును మోసే అలకు ఇయ్యాలప్పా. ముప్పావు గొంతుకు వదలాల. లేకుంటే గొంతు పగిలి పక్కోళ్ల మీద పడతాది.”

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. పవమాన్ నాబ్‌ను ఆ చివరికంటా తిప్పేశాడు. మీటరు ముల్లు ఎగిరి నిలబడితే మురిసిపోయాడు. నలుగురూ మెచ్చుకోవాలి, అంతే.

“తగ్గించన్నా!” ఎమ్మిగనూరు నుంచి సాటి హ్యామ్ సాయినాథ్ రేడియోలో మొత్తుకున్నాడు. “నీ గొంతు పక్కలకంతా చిమ్ముతాంది. దాని కింద ఎవురో బ్రేక్, బ్రేక్ అంటాండారు.”

ఆపదలో ఉన్నవాళ్లు మధ్యలో దూరి అనే మాట అది. పవమాన్‌కు తెలియనిదేం కాదు. అయినా సాయినాథ్‌ది కుళ్లనుకున్నాడు. మైకు వదిలినప్పుడు ఏదో సన్నగా మూలిగితే వాన చప్పుడనుకుని, మళ్లీ పెట్టె గొప్పలు అందుకున్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడు ఇతగాడి కన్నా నయం.

దీపాలు పెట్టేవేళకు సాయినాథ్ ఫోన్ చేశాడు. “లక్ష్మప్ప సార్ పోయినారన్నా. వంక పొంగి జీపు కొట్టుకపోయింది. రేడియో మైకు చేతిలో అట్నే ఉండాదంట.”

పవమాన్‌కు తల కొట్టేసినట్టయింది. స్విచ్చులన్నీ ఆపాడు. ప్లగ్గు పీకాడు. ఆ పెట్టె వంక చూడాలంటేనే సిగ్గుతో చచ్చిపోయాడు.

స్పీకరు గరగరమంది.

ప్లగ్గు నేలమీదే ఉంది...

“పవమానప్పా...” గుసగుస. “నీ మాటలు అయిపాయనా? ఇంగ నేను మాట్లాడొచ్చునా?”

ఒళ్లు జలదరించింది. భయం కన్నా సిగ్గే ఎక్కువైంది. “మాట్లాడండి సార్...”

“నీళ్లు మెడకాడికొచ్చినాయి. నేను పోతే పోనీ... ఈడ దోవలో ఎక్కించుకున్న పాప ఉండాది. ఎవురన్నా రాండప్పా...”

పవమాన్ సాయినాథ్‌కు ఫోన్ కలిపాడు. “జీపులో పాప కూడా ఉంది! వంకలో వెదకమను!”

“పాపా? ఎవురు సెప్పినారు? సార్ ఒక్కరే బయల్దేరినారంట. వాళ్లింట్లో సిన్నపిల్లలే లేరు కదన్నా.”

స్పీకరులో ఓ చిన్నపిల్ల దగ్గింది.

“తాతా... మనల్ని మాట్లాడనియ్యంది ఈయప్పేనా?”