మణికట్టు మీద పచ్చదీపం

"వర్ధనమ్మగారూ, రెండు గుక్కలు తాగండి," అంది మణికట్టు మీది దాహసూచి, ముద్దుగా.

"తాగుతున్నాలేవే తల్లీ," అని చెంబెత్తింది వర్ధనమ్మ. కోడలు వకుళతో కూడా ఆవిడ ఇంత మెత్తగా మాట్లాడదు.

రెంటచింతలలో ఇప్పుడు దాహసూచి లేని చెయ్యి లేదు. పసిబిడ్డకి మొలతాడు కన్నా ముందు ఆ పట్టీయే కడుతున్నారు. చర్మం మీది తడిని చదివి, ఒంట్లో నీరెంతుందో చెబుతుంది. చాలినంత ఉంటే పచ్చదీపం, తగ్గితే పసుపు. ఎరుపు పడిందా, వైద్యబండి దానంతటదే గుమ్మంలోకొస్తుంది, కూలివాళ్ళకైతే ఆ పూట పని కూడా పోతుంది. వడదెబ్బకి మనుషులు రాలిపోయిన వేసవులు చూసినవాళ్ళు దాన్ని కళ్ళకద్దుకున్నారు. దాహం వేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమని పూర్వం ఎవరికి తెలుసు? ఒక్కటి మాత్రం పోయింది. గడపలోకొచ్చిన మనిషిని మంచినీళ్ళు కావాలా అని అడగడం మానేశారు. చెయ్యి చూస్తే తెలుస్తోందిగా!

ఆ పొద్దున మేడ మీద కరెంటు ఇచ్చే ఎండపలకలు తుడవడానికి కోటేశ్వరి వచ్చింది. వారం వారం వచ్చే మనిషే.

"ఏమే, పెదాలు అలా పగిలాయి?"

"పెదాలకి నెయ్యి రాసుకునే తీరిక మీకుంటుంది గానీ, మాకెక్కడిదమ్మా!" అని నవ్వింది. నవ్వితే పెదవి చిట్లింది.

వర్ధనమ్మ ఆమె చెయ్యి చూసింది. పచ్చగా ఉంది. ఇంక ఏమీ అడగలేదు.

ఎండ నడినెత్తికి రాకముందే మేడ మీద బాల్చీ దొర్లిన చప్పుడైంది. వకుళ పరుగెత్తింది, వెనకే మోకాళ్ళు పట్టుకుని వర్ధనమ్మ. కోటేశ్వరి గోడకి చేరగిలబడి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. పేరు అడిగితే ఏదో గొణిగింది, నాలుక మడతపడుతూ.

వకుళ వైద్యబండిని పిలిచింది. "ఆమె సూచి పచ్చగా ఉందండీ, బండి కదలదు," అంది అవతలి గొంతు, ఎంతో మర్యాదగా.

"దీని సూచికి పాడె కట్ట!" అని వర్ధనమ్మ ఆ పట్టీ లాగేసింది. కింద, మడతపెట్టిన తడిగుడ్డ ముక్క. గుడ్డ తీసి పట్టీని చర్మానికి నొక్కేసరికి ఎర్రదీపం భగ్గుమంది.

నీడకి మోసుకొచ్చారు. తడిబట్టలు కప్పి, పంకా వేశారు. కాస్త తెలివి వచ్చాకే వకుళ ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తెచ్చింది. "గ్లాసుతో పొయ్యకు, పొలమారుతుంది. చెంచాతో, కొంచెం కొంచెం," అంది వర్ధనమ్మ. చిన్నప్పుడు మిరపకోతల్లో వాళ్ళమ్మ చెయ్యగా చూసింది. ఇన్నేళ్ళూ మళ్ళీ పనిపడలేదు.

బండి వచ్చింది. సెలైను పెట్టిన నర్సు, "ఇంకాసేపైతే మూత్రపిండాలు పోయేవి," అని గొణుక్కుంది.

"ఆ గుడ్డ ఎందుకు పెట్టావే? చావడానికా?" అంది వర్ధనమ్మ.

కోటేశ్వరి కళ్ళు తెరవకుండానే చెప్పింది. "తాగితే వెళ్ళాలి కదమ్మా. తెల్లారి ఇల్లొదిలితే మళ్ళీ దీపాలవేళకే. మేడల మీద ఆడమనిషి ఎక్కడికెళ్తుంది? తాగకపోతే ఈ పట్టీ అరుస్తుంది. మేమంతా గుడ్డే పెట్టుకుంటాం."

మనుషులు మరచిపోయి తాగడం లేదనుకున్నారు, దాహసూచిని చేసినవాళ్ళు. కావాలని గొంతెండబెట్టుకునేవాళ్ళు ఉంటారని వాళ్ళకి తట్టలేదు.

వర్ధనమ్మకి మాత్రం తట్టి ఉండాల్సింది. ఎండలు మొదలైనప్పుడు కోటేశ్వరి మెట్ల మీద నిలబడి, చీర కుచ్చెళ్ళు గుప్పిట్లో నలుపుతూ, "అమ్మా, ఒక్కసారి మీ బాత్రూముకి..." అని అడిగింది. "పైపు పగిలిందే, బాగుచేయించాలి," అనేసింది వర్ధనమ్మ. అప్పుడే స్నానం చేసొచ్చిన ఆవిడ జుట్టు నించి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కోటేశ్వరి అది చూసింది కూడా. మళ్ళీ అడగలేదు. ఆ మాట అన్నప్పుడు వకుళా అక్కడే ఉంది. ఇప్పుడు అత్తగారి మొహం కేసి చూడకుండా తడిబట్ట పిండుతోంది.

కోలుకుని, కోటేశ్వరి మళ్ళీ పనికొచ్చింది. వర్ధనమ్మ గేటు దగ్గరే చెంబు పట్టుకుని నిలబడింది.

"ఉప్పేసిన మజ్జిగే. తాగి మేడెక్కు."

కోటేశ్వరి చెంబు అందుకోలేదు. ఇంట్లోకి తొంగి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"పైపు బాగైందా అమ్మా?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతుక్కుంది వర్ధనమ్మ. లేదు. ఉన్నా బాగుండేది.

"బాగైందే. లోపలికి రా," అంది, నేలకేసి చూస్తూ. నోరు పిడచకట్టుకుపోయింది. మణికట్టు మీద మాత్రం పచ్చదీపం నిలకడగా వెలుగుతోంది.