కార్డు కింద రాసిన మాట

పొద్దున్నే మాస్టారు బ్రెడ్డు ముక్కలు తినేసి, చేతులు కడుక్కుని, ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నారు. మాత్ర పక్కనే ఉంది, గ్లాసులో నీళ్ళున్నాయి. ఫోను మోగితే వేసుకోవాలి. అదేమో మోగడం లేదు. పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన మనిషికి ఓపిక ఎక్కువే. అయినా కిటికీలోంచి పడిన ఎండ టేబులు ఇవతలి అంచుకి వచ్చేదాకా ఎదురుచూడటమంటే మాటలు కాదు.

లోపలి గదిలో కూతురు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మాట్లాడుతోంది. ఆ అమ్మాయిది ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. ఏ వస్తువు ఎలా వాడాలో రాసిపెట్టడం ఆమె పని. ఆఫీసు పనులన్నీ తెర మీద కార్డుల్లా పెట్టుకునే యాప్ ఒకటుంది వాళ్ళకి. ఆ కార్డుల్లో తేదీలూ పేర్లూ మార్చే చాకిరీ ఇకమీదట మనుషులు కాకుండా ఏఐ ఏజెంట్లనే ప్రోగ్రాములు చేస్తాయట. అలా మార్చే టూలును ఎలా వాడాలో ఆ ఏజెంట్లకి బోధపడేలా రాయాలి. చదివేది మనిషి కాదు కాబట్టి సగం చెప్పి సగం వదిలేస్తే కుదరదు, ప్రతిదీ విడమరచాలి. అంత ఓపిగ్గా ఇంట్లో మాట్లాడి ఎన్నాళ్ళయిందో మాత్రం ఆ మహాతల్లికే తెలియదు. ఇంట్లో ఉన్నదల్లా ఇద్దరే.

తల్లి ఉన్నప్పుడు ఇల్లు ఇలా ఉండేది కాదు. కూతురి ఫోనులో ఆ యాప్ చూసి ముచ్చటపడి, ఇంటి పనులకి కూడా అలాంటి కార్డుల బోర్డు ఒకటి పెట్టించుకుంది ఆవిడ. గ్యాస్‌కో కార్డు, కరెంటు బిల్లుకో కార్డు, మొగుడి మాత్రకో కార్డు. అందరికీ పనులు పంచేసి తను దర్జాగా వాకింగ్‌కి వెళ్ళేది. ఆవిడ పోయి ఏడాది దాటింది. కార్డు మాత్రం రోజూ పొద్దున్నే మోగుతూనే ఉంది, నిన్నటిదాకా.

కాఫీ కోసం కూతురు బయటికి వచ్చింది.

"అమ్మాయ్, ఫోను మోగలేదేమిటి?"

"మాత్ర రాత్రికి మార్చమన్నాడుగా నాన్నా డాక్టరు. కార్డులో టైము మార్పించాను."

"మార్పించావా? ఎవరిచేత?"

"ఏజెంటుచేత. నేను రాసిన పేజీ ఎలా పనిచేస్తుందో చూసినట్టూ ఉంటుంది, నీ పనీ అయిపోతుంది." ఆ మాట అంటూనే సగం గదిలోకి వెళ్ళిపోయింది.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని కార్డు తెరిచారు. పైన 'మాత్ర' అని ఉంది. టైము మారింది. కింద ఏమీ లేదు. వేలితో తెరను పైకీ కిందికీ జరిపారు. ఫోను ఆపి మళ్ళీ పెట్టారు. అయినా లేదు.

"ఇక్కడ కింద రాసింది ఏదమ్మా?"

"కింద ఏం రాసుంది?"

మాస్టారు తలెత్తి చూశారు. "నువ్వెప్పుడూ చదవలేదా?"

"నీ కార్డు నేనెందుకు చదువుతాను? మాత్ర వేసుకోమనేగా ఉంటుంది."

"మీ అమ్మ రాసింది."

కూతురు వెనక్కి తిరిగి గుమ్మంలోకి వచ్చింది. "నేనేం తీయలేదు నాన్నా. టైమొక్కటే మార్చమన్నాను దాన్ని. అయినా ఒక్క నోటు పోతే ఏమైంది, మాత్ర గుర్తుంటే చాలు కదా. సాయంత్రంలోగా ఈ పేజీ అప్పజెప్పాలి, నాకు ఊపిరాడటం లేదు."

ఏనాడూ గొంతు పెంచని మనిషి లేచి నిలబడ్డారు. "దానికి చెప్పడానికి తీరికుంది నీకు. పక్క గదిలో ఉన్న నాకు ఒక్కమాట చెవిన వేయడానికి లేదు. నా చేతులేమైనా పడిపోయాయా, నేను మార్చుకోలేనా? పొద్దస్తమానం ఈ ఇంట్లో నన్ను పలకరించేది మీ అమ్మ రాసిన ఆ ముక్కొక్కటే. మాస్టారూ అని పిలిచేది అదొక్కటే. దాన్నీ తుడిచేశావు."

ఆయన బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

కూతురికి ముందు ఒళ్ళు మండింది. తర్వాత భయం వేసింది. ఆ టూలు తయారుచేసిన ఇంజనీరుకి ఫోను చేసి జరిగింది చెప్పింది.

"అది ఉన్న కార్డును దిద్దదు, మొత్తం కొత్తగా రాస్తుంది," అన్నాడతను తాపీగా. "మార్చనివి కూడా ఏజెంటు చదివి తిరిగి పంపాలి. పంపకపోతే అవన్నీ ఖాళీ అయిపోతాయి."

"పాతది ఎక్కడైనా ఉంటుందా?"

"ఉండదు. ఈ సంగతి పేజీలో రాశావుగా?"

రాయలేదు. 'మార్చదలచుకున్నది పంపితే చాలు' అని ధీమాగా రాసి ఊరుకుంది.

"నువ్వు నాకు చెప్పలేదు," అంది.

"నువ్వు అడగలేదు," అన్నాడు.

పేజీ విడుదల ఆపించింది. ఆ వాక్యం కొట్టేసి మళ్ళీ రాసింది. 'ముందు కార్డు మొత్తం చదవాలి. ఒక్కటి మార్చబోయి మిగతావి పోగొట్టకూడదు. పోయింది తిరిగి రాదు.' చివరి ముక్క దగ్గర అక్షరాలు అలుక్కుపోయి కనబడ్డాయి. ముక్కూ మొహం తెలియనివాళ్ళ కార్డులన్నీ బతికాయి, ఇంట్లో కార్డు మాత్రం పోయింది.

బాల్కనీ తలుపు తీసి తండ్రి కుర్చీ పక్కన కింద చతికిలబడింది.

"ఏం రాసుండేది నాన్నా?"

మాస్టారు వీధి వైపు చూస్తూ పాఠం అప్పజెప్పినట్టు చెప్పారు. "మాస్టారూ, తిన్నాకే మాత్ర. అమ్మాయి పనిలో ఉంటుంది, దాన్ని పిలవకండి. నాలుగు వీధులు తిరిగి నేనే వచ్చేస్తాను."

కూతురికి ఒక్కొక్కటే గుర్తొచ్చింది. తల్లి పోయాక ఈయన తన గది తలుపు ఒక్కసారి కూడా తట్టలేదు. మొన్న జ్వరం వస్తే తనే వేణ్ణీళ్ళు కాచుకుని తాగి పడుకున్నారు. నాన్నకి ఎవరూ అక్కర్లేదు, ఒంటరిగా ఉండటమే ఇష్టం అనుకుంది తను. అనుకుని నిశ్చింతగా పని చేసుకుంది.

"అందుకనా నన్ను పిలవడం మానేశావు?"

"ఆవిడ వద్దందిగా," అన్నారు మాస్టారు.

ఆయన మోకాలి మీద తల పెట్టుకుని కూతురు వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన చెయ్యి కాసేపు గాలిలోనే ఆగి, తర్వాత ఆమె తల మీద వాలింది.

"మళ్ళీ చెప్పు నాన్నా, టైపు చేసి పెడతాను."

"వద్దమ్మా. నువ్వు కొడితే అది నేను చెప్పిందవుతుంది, ఆవిడ రాసింది కాదు. అలా ఖాళీగానే ఉండనీ."

"అయితే నేను చెప్తున్నా విను. నన్ను పిలువు. పనిలో ఉన్నా సరే."

"విసుక్కుంటావు."

"విసుక్కుంటాను. అయినా పిలువు."

మాస్టారు మళ్ళీ వీధి వైపు తిరిగారు.

ఆ రాత్రి భోజనాలయ్యాక కూతురు తన గదిలోకి వెళ్ళింది. హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు, తలుపు వేసుకోలేదు. టేబులు మీద ఫోను మోగింది. తర్వాత చాలాసేపు ఏ అలికిడీ లేదు. ఆమె కుర్చీలో కదలకుండా కూర్చుంది.

"అమ్మాయ్," అన్న పిలుపు వినబడింది, బొంగురుగా, బెరుగ్గా. "కాసిని మంచినీళ్ళు తెచ్చిపెడతావా?"

వచ్చి చూసింది. మాత్ర పక్కనే గ్లాసు నిండా నీళ్ళున్నాయి. ఆయన ఆ గ్లాసు వైపు చూడటం లేదు. ఆమె కూడా చూడనట్టే వంటగదిలోకి వెళ్ళి, ఇంకో గ్లాసుతో నీళ్ళు తెచ్చి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.