మొద్దు చెయ్యెత్తింది

పొద్దున్నే దీపం వెయ్యగానే మొద్దు చెయ్యెత్తింది.

అద్దాల పెట్టెలో, రాతి పలక మీద పడుకున్నదల్లా ముందరి చెయ్యి మెల్లగా పైకి లేపి, గాలిలో ఒక చుట్టు తిప్పి దించింది. చూపు మాత్రం గది మూలనున్న ఖాళీ కుర్చీ మీదే ఉంది. అది గడ్డం తొండ. కోపమొస్తే గొంతు కింద నల్లగా ఉబ్బించుకుంటుంది కాబట్టి ఆ పేరు. రోజంతా కదలకుండా పడుంటుందని దానికి మొద్దు అని ముద్దుపేరు పెట్టిన మనిషి ఆ కుర్చీలోనే కూర్చునేది. కిందటి చలికాలంలో ఆమె పోయింది.

"వచ్చిందమ్మా మీ అమ్మ," అన్నాడు తండ్రి, టీ గ్లాసుతో లోపలికి వస్తూ.

కూతురికి ఒళ్ళు జలదరించింది. అలవాటు పడదామన్నా పడనివ్వని గది అది. దీపాలన్నీ వెలుగుతున్నా ఆ కుర్చీ చుట్టూ చల్లగానే ఉంటుంది. కిటికీ సందులోంచి గాలి వస్తోందని తనకు తానే సర్దిచెప్పుకుని, ఆ సందులో గుడ్డ కుక్కింది. చలి తగ్గలేదు.

"ఇలా కూర్చో నాన్నా. సామాను సంగతి తేల్చాలి," అంది ఫోను తెరిచి.

మొద్దు కడుపుతో ఉంది. దాని పిల్లల్ని చూడాలని ముచ్చటపడి మగ తొండను కొని పక్క గదిలో పెట్టింది తల్లే. ఆ ముచ్చటైనా తీరుద్దామని కూతురు నడుం కట్టింది.

"గుడ్లకి చిన్న ఇంక్యుబేటర్, వేడి ఎక్కువ తక్కువ కాకుండా థర్మోస్టాట్ తీసుకుందాం. ఎండకి బదులు పెట్టిన యూవీ ట్యూబు కూడా మార్చాలి."

"బాగానే వెలుగుతోంది కదే."

"పైకి వెలుగుతూనే ఉంటుంది నాన్నా. అందులో ఎండ ఎప్పుడో చచ్చిపోయుంటుంది."

తండ్రి ఆ ట్యూబు వంక అదోలా చూశాడు. "సరే, కొను. ఇంకేంటి?"

"చెక్క పెట్టె. మూడు వైపులా మూసుంటుంది. ఈ అద్దాల పెట్టె తీసేద్దాం."

గ్లాసు ఠక్కున కింద పెట్టాడాయన. వయసంతా అద్దాలు కోసి బతికిన మనిషి. భార్య అడిగిందని ఆ పెట్టెను తన చేత్తోనే కోసి అతికించాడు. అయితే ఆయన బాధ పెట్టె గురించి కాదు.

"చెక్క అడ్డం పెడితే దానికి మీ అమ్మ ఎలా కనబడుతుంది?"

"మొద్దు గుడ్లు పెట్టడానికి గుంట తవ్వడం లేదు నాన్నా. తడి ఇసుకలోకి దిగుతుంది, రెండు గీతలు గీకుతుంది, కుర్చీ వైపు చూసి మళ్ళీ పలకెక్కేస్తుంది. గుడ్లు కడుపులోనే ఉండిపోతే బతకదని డాక్టరు నీ ముందే కదా చెప్పాడు. కొత్త పెట్టె వచ్చేదాకా కనీసం అటువైపు అద్దానికి కాగితమైనా అంటించనీ."

ఆమె కాగితం చుట్ట విప్పబోయింది. తండ్రి పెట్టెకు అడ్డంగా నిలబడి చుట్ట లాక్కున్నాడు.

"కన్నతల్లిని తరిమేస్తావా?"

"తరమడానికి అక్కడెవరున్నారు? అద్దంలో తన నీడే చూసుకుని..."

"నాలుగు వైపులా అద్దమే కదా. మరి కుర్చీ వైపే ఎందుకు ఎత్తుతుంది? చెప్పు."

ఆ మాటకు ఆమెకు ఒళ్ళు మండింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఎత్తితే మాత్రం ఏమైంది? అది పలకరింపు కాదు నాన్నా. తనకంటే పెద్దదేదో ఎదురుగా ఉంటే, నేను చిన్నదాన్ని, నన్నేం చెయ్యకు అని అలా చెయ్యెత్తుతాయి ఇవి. అది భయం. నాకు మొదటి రోజే తెలుసు. ఆ చెయ్యి చూశాకే నువ్వు గ్లాసెడు టీ అయినా తాగుతున్నావని నోరు మూసుకున్నాను."

తండ్రి మొహంలో రంగు పోయింది.

"అంటే," అన్నాడు, "ఇన్నాళ్ళూ అది మీ అమ్మను చూసి భయపడుతోందా?"

ఈ మాటతోనైనా ఆ భ్రమ వదులుతుందనుకుంది కూతురు. అది వదల్లేదు. ఆయన వెళ్ళి కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏమే, విన్నావుగా," అన్నాడు, భార్యతో ఎప్పుడూ మాట్లాడినట్టే. "మొద్దు జడుసుకుంటోందట. పాపం, నీకూ తెలీదు, నాకూ తెలీదు. కుక్కను అదిలించినా నా మీద కేకలేసేదానివి, నువ్విది చూసి తట్టుకోలేవు. నువ్వుంటే అది చచ్చిపోతుంది. ఇక చాలు. వెళ్ళిరా." కుర్చీ అంచు ఒకసారి నిమిరాడు. "నేనెలాగో ఉంటాలే."

మొద్దు మరోసారి చెయ్యెత్తి దించింది. ఆ తర్వాత దాని చూపు కుర్చీ మీంచి కదిలింది. తండ్రిని దాటి, గోడ వెంబడి, మోకాళ్ళ నొప్పులున్న మనిషి నడిచినంత నిదానంగా తిరుగుతూ వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. గుమ్మంలో కూతురు నిలబడి ఉంది.

తనకూ కుర్చీకీ మధ్య తండ్రి తప్ప ఎవరూ లేరని ఆమెకు తెలుసు. అయినా వీపు గోడకు ఆనించి, పక్కకు ఒదిగి, దారి ఇచ్చింది. చల్లని గాలి ఒకటి చెంపను రాసుకుంటూ పోయింది.

పెట్టెలో మొద్దు పలక దిగింది. తడి ఇసుకలో తవ్వడం మొదలుపెట్టి, ఈసారి ఎటూ చూడకుండా తవ్వుతూనే ఉంది.

తండ్రి లేచొచ్చి కాగితం చుట్టను కూతురికి అందించాడు. "అంటించమ్మా," అన్నాడు.

ఆమె అందుకోలేదు. గుమ్మం అవతలి ఖాళీ నడవ వైపు తిరిగి, "అమ్మా" అని పిలిచింది. తల్లి పోయినప్పుడు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది.