రొయ్య తగలని రోలు

"టీచర్ గారూ, మా వాకిలి దాటేదాకా అలా ముక్కు మూసుకోవాలా? మేమేమన్నా శవాలు ఎండబెట్టామా ఇక్కడ?"

మిర్నా సైకిల్ ఆపింది. చాపల మీద ఎండుతున్న చిట్టి రొయ్యల మధ్య నడుమున చేతులు పెట్టుకుని నిలబడ్డాడు సుభాన్. చిరెబోన్ సముద్రతీరంలో, ఎండురొయ్యలు దంచి ఆ ఇంట్లో చేసే రొయ్యముద్ద లేకుండా పచ్చడి నూరేవాళ్ళు అరుదు. ఆ గర్వమంతా అతని నవ్వులో ఉంది.

"నాకు రొయ్య పడదు. మీ దుమ్ము పీల్చానంటే సాయంత్రానికి ఒళ్ళంతా దద్దుర్లు."

"జాలరి కస్మాన్ గారి కూతురికి రొయ్య పడదా!" పగలబడి నవ్వాడు. "ఇంకా నయం, ఉప్పునీళ్ళు కూడా పడవనలేదు!"

"నవ్వడం అయ్యాక చెప్పు, వెళ్తాను."

అతన్ని అని లాభం లేదు. రెండేళ్ళ కిందటైతే ఈ మాట వింటే ఆమె కూడా నవ్వేదే. అప్పుడు వచ్చిన వైరస్ జ్వరం వారంలో తగ్గింది గాని, నీరసం ఒంట్లో మకాం వేసింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బోర్డు మీద సగం రాసిన వాక్యం మరిచిపోయేది. అది చాలదన్నట్టు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తిన్న రొయ్యపచ్చడే ఒకరోజు మెడ నిండా దద్దుర్లు తెచ్చింది. ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. ఉద్యోగం రాగానే తండ్రి పడవ వాసన గిట్టడం లేదన్నారు. ఆ మాటే ఆమెను దద్దుర్లకన్నా ఎక్కువ బాధ పెట్టింది.

మర్నాడు ఆమె వచ్చే వేళకి చాపలన్నిటి మీదా గుడ్డలు కప్పి ఉన్నాయి.

"నాకోసమా?"

"అబ్బే, కాకుల కోసం."

ఆకాశంలో ఒక్క కాకి కూడా లేదు. మిర్నా నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. వానాకాలం వచ్చేసరికి అతను ఒళ్ళు నిమ్మకాయతో రుద్దుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, రోజూ బడి గేటు దాకా గొడుగు పట్టుకొస్తున్నాడు. ఆమె అతన్ని ప్రేమించింది. ఆ సంగతి తనకు తాను దాచుకోలేదు.

కాని అతను చేసిన తప్పు రొయ్యముద్ద చేసేవాడు మాత్రమే చేయగలది. ఒక మధ్యాహ్నం బడి వరండాలో అరటాకు పొట్లం విప్పాడు.

"నీకు పడనిది బజారు సరుకు. అందులో రంగు, కల్తీ. ఇది నేనే ఏరి, నేనే దంచాను. రంగు లేదు, కల్తీ లేదు. ఇది నిన్నేం చేస్తుంది?"

మిర్నాకి తెలుసు, తినకూడదని. కాని ఆ రుచి చూసి రెండేళ్ళయింది. వేలితో ఇంత తీసుకుని అన్నంలో కలిపింది. చిన్నప్పటి ఇల్లంతా నాలుక మీదికొచ్చింది. రెండో ముద్దకి పెదవి మందమైంది. మూడోది నోటిదాకా వెళ్ళలేదు, ఊపిరి అందలేదు.

సుభాన్ మోటార్‌సైకిల్ మీద ఆరోగ్య కేంద్రానికి ఎలా తీసుకెళ్ళాడో అతనికే గుర్తులేదు. డాక్టరమ్మ సూది వేసి ఇటు తిరగ్గానే ఎదురెళ్ళాడు.

"కల్తీ లేదండీ, ఒట్టు!"

"నీ సరుకు బంగారమే అబ్బాయ్. అయినా పడదు. వైరస్ వెళ్ళినా కొందరి ఒంట్లో కాపలావాళ్ళు నిద్రపోరు. ఎవరు తలుపు తట్టినా దొంగే అంటారు, నిన్నటిదాకా ఇంట్లో తిరిగిన మనిషిని కూడా. ఎందుకలా అవుతుందో మాకే ఇంకా పూర్తిగా తేలలేదు. మళ్ళీ ఇలా పరీక్ష పెట్టావంటే అమ్మాయి దక్కదు."

ఆ రోజు నుంచి సుభాన్ కనబడలేదు. గొడుగు లేదు, కబురు లేదు. పది రోజులు చూసింది మిర్నా. పదకొండో రోజు మాస్కు కట్టుకుని నేరుగా వాళ్ళింటికే వెళ్ళింది. పారిపోయాడో, వాళ్ళమ్మ ఆపిందో, ఏదో ఒకటి తేల్చుకోవాలి.

వాకిట్లో ఒక్క చాప లేదు. సుభాన్ తల్లి కసినా గుమ్మంలో బెండకాయలు తరుగుతోంది.

"పెద్దమ్మా, సూటిగా చెప్తాను. నాకు మీ అబ్బాయి కావాలి. మీ రొయ్యముద్ద వద్దు."

కసినా కత్తి పక్కన పెట్టింది. "మా ఇంటి కోడలు మా రోట్లో పచ్చడి నూరి నాకు రుచి చూపించాలి. మా అత్తకి నేనూ అలాగే చూపించాను. నాలుగు తరాల రోలది. కడిగినా రొయ్య వాసన పోదు."

మిర్నా మాస్కు సవరించుకుంది. అయినా కదల్లేదు. "అయితే ఆనవాయితీ మార్చండి."

"నోరు బాగానే ఉంది." కసినా లోపలికి కేకేసింది. "ఒరేయ్, తే!"

సుభాన్ వచ్చాడు. చేతుల్లో కొత్త రాతిరోలు, అరచేతుల నిండా బొబ్బలు.

"కొత్త రాయి కదా, ఇసుక రాలుతుంది," అన్నాడు తల దించుకుని. "పది రోజులుగా బియ్యం, కొబ్బరి నూరి పారేస్తున్నా. నిన్నటికి గాని ఇసుక ఆగలేదు. ఇందులో రొయ్య తగల్లేదు, తగలనివ్వను. ఎండబెట్టే చాపలు రేవుకి మార్చాను. అక్కడే స్నానం చేసి ఇంటికొస్తా. నిన్ను చంపబోయాను మిర్నా. ఇది పూర్తవకుండా నీకు మొహం చూపించలేకపోయాను."

"ఒక్క మాట చెప్పి నూరుకోవచ్చుగా, మొద్దు!" అంది. కళ్ళు తుడుచుకుని రోలు ముందు కూర్చుంది.

మిరపకాయలు, వేయించిన వేరుశనగలు, చింతపండు, ఉప్పు. నూరి, వేలి కొసన తీసి అందించింది. అరవై ఏళ్ళుగా రొయ్య లేని ముద్ద మింగని కసినా నాకి చూసి, మొహం చిట్లించింది.

"ఏదో తక్కువైంది."

"ఏం తక్కువైంది అత్తయ్యా?"

ఆ పిలుపు విని సుభాన్ తలెత్తాడు.

"ఏముంది, రొయ్యముద్దే." కసినా కోడలి మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత కంచం ముందుకు జరిపింది. "అలవాటు చేసుకుంటాలే. అన్నం వడ్డించు."