గరిటె పట్టిన సైగ

మూడో వీధి ఊయలకు చిటికెన వేలు మళ్ళీ బిగుసుకుపోయింది. ఊయలల మరమ్మతు, నమోదులు చూసే వకుళ రెండు చుక్కల నూనె వేసి, "టాటా చెప్పు" అంది. ఊయల తన లోహపు చేతిని ఎత్తి అయిదు వేళ్ళూ పద్ధతిగా ఊపింది, పెళ్ళిలో పేరు గుర్తురాని చుట్టాన్ని పలకరించినంత ఉత్సాహంగా. నీటినగరంలో పిల్లలందరికీ తొలిసైగలు నేర్పేది ఈ ఊయలలే. తల్లిదండ్రుల చేతులు చెప్పేవన్నీ సైగల ప్రమాణమండలి లెక్కలో "అదనపు కదలికలు".

తరువాతి ఇల్లు మధులతది. ఆమెకు వినబడదు, ఆమె మాటలన్నీ చేతుల్లోనే. ఏడాది నిండబోతున్న కూతురు మిన్నుకి ఇంకా తొలిసైగ నమోదు కాలేదు. ఈ సాయంత్రానికీ కాకపోతే రేపటి నుంచి పాప పగలంతా ఊయల కేంద్రంలోనే ఉండాలి.

అత్తగారు సూరమ్మ తలుపు తీసింది. "రండమ్మా. మీ ఊయల పాఠం చెప్తుంటే నాకే నిద్రొచ్చేస్తందండి. పసిదానికి రాదేటండి?"

వంటగదిలోంచి మధులత చూసింది. 'తీసుకుపోతారా?' అని అడిగాయి ఆమె చేతులు. వకుళకు సైగలన్నీ వచ్చు; 'ముందు నమోదులు చూస్తాను' అని చేతులతోనే చెప్పింది.

ఊయల రాసుకున్నవి చూపే కరదర్శి తెరిచి పైకి చదివింది. తొలిసైగలు: లేవు. గుప్పిట నోటి దగ్గరకు: పళ్ళ దురద. అదే మాట వరసగా, రోజూ.

"దురదేటండీ, పళ్ళు వచ్చేసి చాన్నాళ్ళయింది," అంది సూరమ్మ. "కావాలంటే నా వేలు చూడండి, గాట్లున్నాయి."

పప్పు దింపి మధులత పాప ముందు గొంతుక్కూర్చుంది. మిన్ను బొమ్మ మీద నుంచి కళ్ళెత్తేదాకా ఆగింది. అప్పుడు చెయ్యి పాప చూపులోకి తెచ్చి, నిదానంగా నోటి దగ్గరకు తీసుకెళ్ళింది. బువ్వ? వేళ్ళు కలిపి చూపాల్సిన సైగ అది. కానీ ఆ చేతిలో గరిటె ఉంది.

మిన్ను గుప్పిట బిగించి నోటి దగ్గరకు తెచ్చి, గిన్నె వైపు చూసింది.

వకుళ నవ్వాపుకోలేకపోయింది. తనూ గుప్పిట నోటి దగ్గర పెట్టింది. మిన్ను కేరింత కొట్టి, మళ్ళీ గుప్పిట చూపించి, ఈసారి గిన్నె వైపు పాకేసింది.

"మా కోడలి చేతిలో గరిటె లేందెప్పుడండి?" అంది సూరమ్మ. "నన్ను తిట్టేది కూడా దాంతోనే."

నిబంధన ప్రకారం అది పళ్ళ దురదే. వకుళ కరదర్శిలో ఆ మాట కొట్టేసి, గుప్పిట బొమ్మ కింద "బువ్వ" అని రాసింది. 'ప్రమాణ విరుద్ధం. కొత్త నమూనా అన్ని ఊయలలకూ చేరుతుంది. కొనసాగించాలా?' అని అడిగింది కరదర్శి.

వకుళ మధులత వైపు చూసింది. కొనసాగించింది.

'మీ పాప ఇంట్లోనే,' అని చేతులతో చెప్పింది. జవాబివ్వడానికి మధులత మొదటిసారి గరిటె పక్కన పెట్టింది.

మర్నాడు పొద్దున్నే పై అధికారి ఫోన్.

"ఏంటమ్మా ఇది! ఊళ్ళో ఊయలలన్నీ పిల్లలకి గుప్పిళ్ళు చూపిస్తున్నాయి. బెదిరిస్తున్నాయని ఫిర్యాదులు!"

"పిల్లలు ఫిర్యాదు చేశారా సార్?"

ఫోన్లో వెనకాల ఏదో పసి కేరింత.

"మా మనవడు," గొంతు తగ్గింది, "నన్నే చూస్తూ గుప్పిట నోటి దగ్గర పెడుతున్నాడు. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావ్?"

"బువ్వ పెట్టండి సార్."