సున్నం కింద చెయ్యి

ఆ శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది వీళ్ళు. వరండాలో పండగ తెల్లబట్టలు ఇస్త్రీ చేస్తున్న నానమ్మ. వెనక వంటపాకలో కొబ్బరి కోరుతున్న అమ్మ మరెతా. అమ్మ పక్కన కూర్చుని, కోరిన కొబ్బరి కోరినట్టే తినేస్తున్న నాలుగేళ్ళ తమ్ముడు ఇయోనే. ఎవరైనా ఏదైనా పని చెప్తారేమోనని అందరి చుట్టూ తిరుగుతున్న పదకొండేళ్ళ ఫెతూ. ఇంటి ముందు మందార చెట్ల మధ్య, సమాధిలో, మలియా.

మలియాను ఇంట్లో మనిషిగా లెక్కపెట్టడం నానమ్మ అలవాటు. సవాయి దీవిలో చనిపోయినవాళ్ళు ఎక్కడికీ పోరు, ఇంటి ముందే ఉంటారు. పిల్లలు ఆ సమాధుల మీదే కూర్చుని హోంవర్కు చేసుకుంటారు. మలియా సమాధి మీద మాత్రం ఫెతూ ఎప్పుడూ కూర్చోలేదు. మలియా ఆమెకు ఏమీ కాదు.

మలియా ఎసెతా తల్లి. పన్నెండేళ్ళ ఎసెతా అప్పుడు చర్చిలో ఈస్టర్ పాటల ప్రాక్టీసులో ఉంది. ఎసెతా తండ్రి, నానమ్మ కొడుకు తనియేలు చేమదుంపలు తవ్వడానికి తోటకు వెళ్ళాడు. నిరుడు జూలైలో ఫెతూ అమ్మా తనియేలూ పెళ్ళి చేసుకున్నారు. ఫెతూ నాన్న చనిపోయి అప్పటికి మూడేళ్ళు దాటింది. ఆయన సమాధి దీవికి అవతలి వైపు, తాతగారి ఊళ్ళో ఉంది.

కొత్త ఇంట్లో ఫెతూకు ఎవరూ ఏ లోటూ చేయలేదు. ఇయోనే అయితే వారం తిరక్కుండానే తనియేలును నాన్నా అని పిలిచేశాడు. ఫెతూ మాత్రం ఆయన్ని ఏమని పిలవాలో తెలియక, పిలవకుండానే పని గడుపుకుంటోంది. ఎసెతా కూడా మంచిదే. చేపలో పెద్ద ముక్క ఫెతూకే వేసేది. కొత్త చాప ఫెతూకే ఇచ్చేది. దువ్వెన అడిగితే మారు మాట లేకుండా ఇచ్చేసేది.

ఫెతూ క్లాసులో రూతా, వాళ్ళక్కా దువ్వెన కోసం రోజూ జుట్లు పట్టుకునేవాళ్ళు. వాళ్ళను చూసినప్పుడల్లా ఫెతూకు అసూయగా ఉండేది. ఎసెతా తనతో ఒక్కసారి కూడా దెబ్బలాడలేదు. చుట్టాలతో ఎవరు దెబ్బలాడతారు?

నానమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి సమాధి వైపు చూసింది. వానలకు సమాధి అంతా నల్లగా పాచి పట్టి ఉంది. రేపటికి వెల్ల వెయ్యాలని, ఎసెతా వచ్చాక అడిగి ఇద్దరూ కలిసి వెయ్యమని చెప్పింది. ఫెతూ సరేనంది.

కానీ లోపల ఇంకో ఆలోచన కదిలింది. అడిగితే ఎసెతా ఏమంటుందో తనకు తెలుసు. 'నీకెందుకులే శ్రమ, నేను చూసుకుంటా' అంటుంది. అదే ఎసెతా వచ్చేసరికి సమాధి తెల్లగా మెరిసిపోతూ ఉంటే?

పైగా వెల్ల వెయ్యడం ఫెతూకు బాగా వచ్చు. ప్రతి ఈస్టర్‌కూ తాతతో కలిసి నాన్న సమాధికి తనే వేసేది.

బకెట్లో సున్నం కలిపింది. కొబ్బరి పీచుతో పాచి రుద్దింది. తల వైపు నుంచి మొదలుపెట్టి మూడు వైపులా బ్రష్ వేసింది. కాళ్ళ వైపు మూలకు వచ్చేసరికి సిమెంటులో ఒక గుంట కనిపించింది. అందులో నల్లగా మట్టి, పాచి, ఎండిన మందార రేక ఒకటి. సమాధి మీద నీళ్ళు నిలవకూడదని తాత ఎప్పుడూ చెప్పేవాడు. నీళ్ళు నిలిస్తే పగుళ్ళు వస్తాయి. ఫెతూ గుంటలో మట్టిని పైపైనే గీకేసి, సున్నంలో సన్నటి ఇసుక కలిపి గట్టిగా కూరింది. తడి వేలితో నున్నగా రాసింది. మొత్తం పనిలో ఆ మూల చూసుకునే ఎక్కువ మురిసిపోయింది.

ఎసెతా పాటల పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చింది. ఫెతూ ముక్కు మీద సున్నంతో, బ్రష్ వెనక్కి దాచుకుని లేచి నిలబడింది.

ఎసెతా నవ్వబోయింది. సమాధిని ఆ చివర నుంచి ఈ చివర వరకూ చూసింది. అప్పుడు ఆమె మొహం మారింది. వచ్చి ఆ మూల మోకాళ్ళ మీద కూర్చుంది. అరచేత్తో తడుముతూ, అక్కడ కాదన్నట్టు పక్కన, మళ్ళీ అక్కడే వెతికింది.

"ఇక్కడ చెయ్యి ఉండాలి" అంది.

ఫెతూకు అర్థం కాలేదు. "గుంట ఉంటే పూడ్చాను" అంది మెల్లగా.

"నా చెయ్యి" అంది ఎసెతా. అంతే. అరవలేదు. ఏడవలేదు. లేచి లోపలికి వెళ్ళి గది తలుపు మూసుకుంది. ఇంట్లో చుట్టాలు నిద్రపోతున్నప్పుడు మూసినట్టు, చప్పుడు కాకుండా మూసింది.

నానమ్మ కర్ర పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. అప్పుడు తెలిసింది ఫెతూకు. మలియా పోయినప్పుడు ఎసెతాకు నాలుగేళ్ళు. అమ్మను వదిలి రానని సమాధి దగ్గరే కూర్చుందట. సిమెంటు ఇంకా పచ్చిగా ఉండగా తనియేలు ఆ చిన్న చేతిని పట్టుకుని మూల మీద అద్దాడట. "ఇదిగో, నీ చెయ్యి అమ్మ దగ్గరే ఉంది, ఇక పడుకుందాం పద" అన్నాడట. అప్పటినుంచి ప్రతి ఈస్టర్ ఉదయం చర్చి నుంచి రాగానే ఎసెతా ఆ అచ్చులో చెయ్యి పెట్టి చూసుకుంటుంది. ఎంత పెరిగిందో అమ్మకు చూపించడానికి.

విషయం విని ఫెతూ అమ్మ చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. "అడిగి చేస్తే నీ నోరు అరిగిపోతుందా?" అంది. తాత ఊరికి వెళ్ళే బస్సు ఇప్పుడుంటే ఎక్కి వెళ్ళిపోవచ్చు అనుకుంది ఫెతూ.

తనియేలు తోట నుంచి వచ్చి, దుంపల కావడి దించి, సమాధి దగ్గర కూర్చుని, గోటితో సున్నం గీకి చూశాడు. పైన ఆరింది కానీ లోపల ఇంకా పచ్చిగానే ఉందని, రేపటికి రాయిలా అయిపోతుందని చెప్పాడు. ఉలి పెడితే అచ్చు అంచులు విరిగిపోతాయట. ఆల్చిప్పతో నెమ్మదిగా తియ్యాలట.

ఆ తర్వాత ఫెతూ వైపు చూశాడు. "ఇంత గట్టిగా కూరడం ఎవరు నేర్పారు?"

"తాత" అంది ఫెతూ, వినపడీ వినపడనట్టు.

"మంచి పనివాడే" అన్నాడాయన. ఆయన గొంతులో కోపం లేదు. అందుకే ఫెతూకు ఏడుపు వచ్చింది.

ఆమె పరిగెత్తి వంటపాక వెనక నుంచి అంచు పదునుగా ఉన్న ఒక ఆల్చిప్ప తెచ్చింది. మూల దగ్గర కూర్చుంది. ఎసెతా బయటికి వచ్చేలోపల తీసేస్తే చాలు, ఏమీ జరగనట్టే అయిపోతుంది. చిప్ప అంచు సున్నానికి తగిలింది.

అక్కడే ఆగిపోయింది చెయ్యి.

ఇందాక కూడా ఇంతే కదా. ఎసెతా వచ్చేలోపల.

ఫెతూ చిప్ప పట్టుకుని గది దగ్గరికి వెళ్ళింది. తలుపు మీద వేలితో తట్టింది.

"ఎసెతక్కా. లోపల ఇంకా ఆరలేదట. తియ్యొచ్చట. తియ్యనా, వద్దా? వద్దంటే ముట్టుకోను."

ఫెతూకు కాళ్ళు నిలవడం లేదు. ఆరిపోతోంది, ఆరిపోతోంది అని ఒకటే గోల లోపల. అయినా నిలబడింది. సాయంత్రం ప్రార్థనకు శంఖం ఊదే వేళ దగ్గరపడింది. పక్కింటి పొయ్యి పొగ వరండాలోకి వస్తోంది.

తలుపు తెరుచుకుంది. ఎసెతా కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఫెతూ చేతిలోంచి చిప్ప తీసుకుంది.

"నువ్వు తియ్యొద్దు."

"సరే."

"నీళ్ళు పట్టుకురా."

ఎసెతా గీకుతుంటే ఫెతూ కొబ్బరి చిప్పతో నీళ్ళు పోసింది. మొదట బొటనవేలు బయటపడింది. తర్వాత అరచెయ్యి.

"అన్నీ నా మీదే పోస్తావేం? గౌను తడిసిపోయింది."

"నువ్వు అడ్డంగా కూర్చున్నావు మరి."

"సున్నం కూరావా, సిమెంటా? ఇంత గట్టిగానా?"

"తాత అలాగే చెప్పాడు."

"మీ తాతను పిలిపించి తవ్వించాలి."

ఫెతూ తల వంచుకుంది. మొహం కనిపిస్తే బాగుండదు. ఎసెతా తనతో దెబ్బలాడుతోంది.

చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలు వచ్చాయి. చిటికెనవేలు దగ్గర మాత్రం సిమెంటు అంచు పెచ్చుగా ఊడింది. తనియేలు ఇక ఆపమన్నాడు. ఆ వేలు సున్నం కిందే ఉండిపోయింది. తప్పయిపోయిందక్కా అంది ఫెతూ. పరవాలేదు అని ఎసెతా అనలేదు. పరవాలేదు అనమని ఫెతూ కూడా ఎదురు చూడలేదు. దూరంగా శంఖం ఊదారు. అందరూ ప్రార్థనకు లోపలికి వెళ్ళారు.

ఆదివారం తెల్లవారక ముందే ఊరంతా తెల్లబట్టల్లో చర్చికి నడిచింది. పాస్టర్ గారు సమాధి దగ్గరికి సుగంధ ద్రవ్యాలు మోసుకెళ్ళిన ఆడవాళ్ళ గురించి చదివారు. ఆ పెద్ద రాయి ఎవరు దొర్లిస్తారా అని వాళ్ళు దారంతా బెంగపడ్డారు. తీరా చూస్తే రాయి దొర్లి ఉంది, ప్రభువు లేచి వెళ్ళిపోయాడు.

తిరిగి వస్తుంటే నానమ్మ ఫెతూ భుజం మీద చెయ్యి వేసుకుని నడిచింది. "పాపం, ఆ తల్లులు ఎంత కంగారుగా వెళ్ళుంటారో" అంది. "అంత సరంజామా మోసుకెళ్ళారా, అక్కడ చెయ్యడానికి పనే లేదు. దూత చెప్పింది వినడమే."

తనను అంటోందేమోనని ఫెతూ పక్కకు చూసింది. నానమ్మ టోపీ సర్దుకుంటోంది.

ఇంటి ముందు ఎసెతా చెప్పులు విడిచి, ఆ మూల కూర్చుని అచ్చు మీద చెయ్యి పెట్టింది. వేళ్ళన్నీ అచ్చు దాటి చాలా ముందుకు వచ్చేశాయి. చిటికెనవేలు నున్నటి సున్నం మీద ఒంటరిగా ఉంది. ఎసెతా పెదవులు కదిలాయి. ఏం చెప్పిందో ఎవరికీ వినపడలేదు.

ఇయోనే మధ్యలో దూరి తన చెయ్యి అందులో పెట్టేశాడు. అతికినట్టు సరిపోయింది. వాడు అందరినీ గర్వంగా చూశాడు. ఎసెతా నవ్వేసింది.

"నేనూ పెట్టి చూడనా?" అని అడిగింది ఫెతూ.

ఎసెతా తల అడ్డంగా ఊపింది. "వద్దు."

"సరే" అంది ఫెతూ. కొంచెం బాధగానే ఉంది. అయినా వెళ్ళి ఎసెతా చెప్పులు ఎండలోంచి తీసి మెట్టు మీద పెట్టింది.

భోజనాల దగ్గర, చేమాకుల్లో కొబ్బరిపాలు వేసి రాళ్ళ పొయ్యిలో వండిన కూర పొట్లాలు వడ్డిస్తూ, ఎసెతా పెద్ద పొట్లం తన ఆకులో వేసుకుని చిన్నది ఫెతూకు వేసింది. తనియేలు రేపు సెలవు కదా అన్నాడు. బకెట్లో సున్నం ఇంకా మిగిలింది, ఫెతూ వాళ్ళ నాన్న దగ్గరికి అందరం వెళ్ళొద్దామా అన్నాడు. అని ఊరుకోలేదు. "నువ్వు చెప్పు, ఫెతూ. మేమంతా రావచ్చా?"

ఫెతూ తల ఊపింది.

మధ్యాహ్నం ఎసెతా బేసిన్ నిండా పూలు కోసుకొచ్చింది. ఒక వైపు తెల్ల దేవగన్నేరు, ఒక వైపు ఎర్ర మందారం. సూదీ దారం పళ్ళ మధ్య పెట్టుకుని, బేసిన్ చంకలో ఇరికించుకుని గదిలోకి దారి తీసింది. ఇయోనే ఆమె గౌను పట్టుకుని లోపలికి దూరాడు. గడప దగ్గర ఎసెతా వెనక్కి తిరిగి సూది చేతిలోకి తీసుకుంది.

"మీ నాన్నకు తెలుపు ఇష్టమా, ఎరుపా?"

"ఎరుపు" అంది ఫెతూ. ఒక్క క్షణం తర్వాత అర్థమైంది, దండ నాన్న కోసమని. "అక్కా, దండ గుచ్చడం నాకూ వచ్చు."

"నీకు అన్నీ వచ్చులే. గుంటలు పూడ్చడం కూడా వచ్చు."

ఫెతూ గడప మీద ఒక కాలు పెట్టబోయి వెనక్కి తీసుకుంది. "రానా, వద్దా?"

"వద్దు. అయ్యాక చూద్దువుగానీ. పో అవతలకి" అని, ఫెతూ ముక్కుకు తగిలేంత దగ్గరగా, ఇల్లంతా అదిరేలా ఎసెతా తలుపు ధడాలున వేసేసింది.